భాషా సందేహాలు: ‘చేయాలి’ అంటే ఎవరు చేయాలి?

ఇంగ్లిష్‌లో ‘కెన్, మస్ట్’ వంటి మోడల్ వెర్బ్స్ కర్మణి ప్రయోగంతో, అంటే పాసివ్ వాయిస్‌తో కలిసినప్పుడు వచ్చే చిక్కుల గురించి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయించి, వాటిలో ఆరింటికి జవాబు రాస్తున్నాను. ఇంగ్లిష్ వాక్యాలను మన లిపిలోనే ఇస్తున్నాను కనుక పైకి చదువుకుంటే సులువుగా అందుతాయి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ‘మోడల్ తరువాత బి, బి తరువాత వి-త్రీ (క్రియ మూడో రూపం)’ అన్న సూత్రం నాకు కంఠతా వచ్చు. యాక్టివ్ వాక్యం ఇస్తే తప్పు లేకుండా పాసివ్‌లోకి మార్చగలను. కాని సొంతంగా రాసేటప్పుడు ఎక్కడ పాసివ్ వాడాలో తోచదు. ఎందుకిలా జరుగుతోంది? – ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: మీరు కంఠస్థం చేసిన సూత్రంలో తప్పు లేదు. ‘కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్’ అనే మాటల తరువాత క్రియ మూలరూపంలోనే ఉండాలి కాబట్టి ‘ఈజ్, ఆర్, వజ్, వర్’ అన్నీ అక్కడ ‘బి’ అయిపోతాయి. ఏకవచనమా బహువచనమా అన్న బెంగ కూడా ఉండదు. ఆ లెక్కన ఇంగ్లిష్ పాసివ్ వాక్యాలలో ఇవే తేలికైనవి. చిక్కంతా ఆ సూత్రాన్ని మీకు పరిచయం చేసిన దారిలో ఉంది. ‘రాము కెన్ రైట్ ఎ లెటర్’ అని ఇచ్చి ‘ఎ లెటర్ కెన్ బి రిటెన్ బై రాము’ అని మార్పించడం మన తరగతి గదుల అలవాటు. ఆ రెండో వాక్యం వ్యాకరణం ప్రకారం సరైనదే అయినా, నిజజీవితంలో దానిని పలకవలసిన సందర్భం ఎవరికీ రాదు. అవసరం లేని చోట నేర్చుకున్న పనిముట్టు అవసరమైన చోట చేతికి అందకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి ఆ దారి వదిలేసి తెలుగు నుంచి బయలుదేరుదాం. వేసవిలో మీ ఇంట్లో ఆవకాయ పెట్టి ఉంటారు. కొత్తగా పెళ్లయిన అమ్మాయికి జాడీ ఇచ్చి పంపుతూ పెద్దవాళ్లు ఇలా చెబుతారు: ‘మూడోనాడు తిరగ కలపాలి. తడి గరిటె పెట్టకూడదు. ఇష్టమైతే వెల్లుల్లి వేయవచ్చు. జాడీని ఎండలో పెట్టనక్కరలేదు.’ నాలుగు వాక్యాలు చెప్పారు, ఒక్కదానిలోనూ కర్త లేడు. అయినా వినేవారికి ఏ లోటూ అనిపించదు.

అనిపించకపోవడానికి కారణం ఆ క్రియల నిర్మాణంలోనే ఉంది. ‘కలుపుతాను, కలుపుతావు, కలుపుతారు’ అన్నప్పుడు క్రియ చివర చూస్తేనే చేసేవారెవరో తెలిసిపోతుంది. ‘కలపాలి’ అన్నప్పుడు తెలియదు. నేను కలపాలి, నువ్వు కలపాలి, వాళ్లు కలపాలి, అన్నిటికీ ఒకే రూపం. ‘కలపవచ్చు’, ‘కలపకూడదు’ కూడా అంతే. ‘వచ్చు’ అన్నది ‘రావడం’ అనే క్రియ నుంచి వచ్చింది. దాని వ్యతిరేకరూపమే ‘కలపరాదు’లోని ‘రాదు’. అంటే మన భాష ఈ వాక్యాలలో మనిషిని కాక పనినే కర్త స్థానంలో నిలబెట్టి, ఆ పని ‘వచ్చునా, రాదా, కూడునా, కూడదా’ అని తేలుస్తోందన్న మాట. చేసే మనిషికి ఇక్కడ చోటు ఉంది గాని, ఆ చోటు నిండి తీరాలన్న నియమం లేదు.

ఇంగ్లిష్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆ భాషలో కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు. వాన కురుస్తోందని చెప్పడానికి కూడా ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ‘ఇట్ ఈజ్ రైనింగ్’ అని ఒక ‘ఇట్’ను తెచ్చి కూర్చోబెడతారు. మన ఆవకాయ వాక్యాలను ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మూడు దారులు ఉన్నాయి. వంటల పుస్తకాల వారిలా ‘మిక్స్ ఇట్ అగైన్’ అని ఆజ్ఞాపించవచ్చు. మాట్లాడేటప్పుడు చాలామంది చేసినట్టు ‘యు మస్ట్ మిక్స్ ఇట్’ అని, ఎదుటివారిని కాకపోయినా, ‘యు’ను తగిలించవచ్చు. ఈ రెండూ నప్పని చోట కర్మను తీసుకువచ్చి కర్త కుర్చీలో కూర్చోబెట్టాలి: ‘ఇట్ మస్ట్ బి మిక్స్డ్ అగైన్ ఆన్ ద థర్డ్ డే’, ‘ఎ వెట్ లేడిల్ మస్ట్ నాట్ బి యూజ్డ్’, ‘గార్లిక్ కెన్ బి యాడెడ్’, ‘ద జార్ నీడ్ నాట్ బి కెప్ట్ ఇన్ ద సన్’. మోడల్ పాసివ్ పుట్టే చోటు ఇదే.

ఇకమీదట యాక్టివ్ వాక్యాలను తలకిందులు చేసే అభ్యాసాన్ని కొన్నాళ్లు పక్కనపెట్టి, మీ చుట్టూ తెలుగులో కనిపించే ‘ఆలి, వచ్చు, కూడదు, రాదు, అక్కరలేదు’ వాక్యాలను ఏరండి. బస్సులోనో, రేషన్ దుకాణం గోడ మీదో, హాల్ టికెట్ వెనుకో కావలసినన్ని దొరుకుతాయి. ప్రతి వాక్యాన్నీ ‘ఎవరు?’ అని అడగండి. ‘ఎవరైనా’ అనో ‘ఎవరైతే ఏం’ అనో సమాధానం వస్తే అది ఇంగ్లిష్‌లో పాసివ్ కోరుకుంటున్న వాక్యం. చేసేవారు ఫలానా అని తేలితే మామూలుగా యాక్టివ్ చాలు. ఒక్క మినహాయింపు మాత్రం ఉంది. ‘ఈ ఫారం మీద తండ్రి సంతకం చేయాలి’ అన్నప్పుడు మన మాట ఫారం గురించి, అందులో కొత్త విషయం తండ్రి. అప్పుడు ‘దిస్ ఫారం మస్ట్ బి సైన్డ్ బై ద ఫాదర్’ అనడమే అందం. ‘బై’తో వచ్చే మాట వాక్యం చివర కూర్చుంటుంది కనుక, అంతగా నొక్కిచెప్పదగిన సంగతి ఉంటేనే దానిని తేవాలి. ‘బై పీపుల్’, ‘బై సమ్‌వన్’, ‘బై అస్’ వంటివి పరీక్షలో మార్కులు తెస్తాయేమో గాని వాక్యానికి ఏమీ తీసుకురావు.

ప్రశ్న: ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ‘విల్ బి కన్సిడర్డ్’, ‘కెన్ బి ఆబ్టెయిన్డ్’ అని వచ్చినప్పుడు ‘పరిశీలించబడును’, ‘పొందబడవచ్చును’ అని రాస్తే సంపాదకులు కొట్టివేస్తున్నారు. కర్మణి ప్రయోగాన్ని కర్మణిలోనే అనువదించడం తప్పెలా అవుతుంది? – ఒక అనువాదకుడు, విజయవాడ

జవాబు: మీ సంపాదకుల పక్షమే నాది. అయినా ‘బడు’ మీద నాకు పగ లేదు. ‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’, ‘ఇచ్చట అన్ని రకముల బట్టలు కుట్టబడును’ అన్న రేకు బోర్డులు చూస్తూ పెరిగినవాడిని. ‘అతిక్రమించిన వారు శిక్షింపబడుదురు’ అన్న హెచ్చరికను ‘అతిక్రమిస్తే శిక్షిస్తాం’ అని మారిస్తే గోడకు ఉన్న గాంభీర్యం సగం పోతుందని కూడా ఒప్పుకుంటాను. కాని అవి బోర్డులు. ఆ బోర్డు రాయించిన దర్జీ సైతం ఇంట్లో ‘నా చొక్కా కుట్టబడాలి’ అనడు. ‘పొందబడవచ్చును’ అన్న మాట బోర్డుల మీద కూడా నేను చూడలేదు.

పై జవాబులో చెప్పిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది. ఇంగ్లిష్ వాడు కర్తను దాచడానికి పాసివ్ వాడితే, ఆ పని మనకు ‘వచ్చు, ఆలి, కూడదు’లే చేసిపెడుతున్నాయి. వాటికి మళ్లీ ‘బడు’ తగిలించడం గొడుగు వేసుకుని గొంగళి కప్పుకోవడం. ‘కెన్ బి ఆబ్టెయిన్డ్’ అంటే ‘పొందవచ్చు’. ‘మస్ట్ బి సబ్మిటెడ్’ అంటే ‘సమర్పించాలి’. ‘విల్ బి కన్సిడర్డ్’ దగ్గర కొంచెం ఆలోచించవలసి వస్తుంది, ఎందుకంటే మన భవిష్యత్ క్రియ కర్తను చూపించక మానదు. కార్యాలయం తరఫున చెబుతున్నప్పుడు ‘పరిశీలిస్తాం’ అనండి. ఆ బాధ్యత తమది కాదన్నట్టు మూలంలోనే తప్పించుకుని ఉంటే ‘పరిశీలన జరుగుతుంది’ అంటే సరిపోతుంది.

‘బడు’ లేకుండా మోడల్ పాసివ్‌ను ఒక్క మాటలో చెప్పే సౌకర్యం మనకు సంస్కృతం ఇచ్చింది. దానిని అనువాదకులు ఎందుకో మరిచిపోతారు. తవ్య, అనీయ, య అనే ప్రత్యయాలను సంస్కృత వ్యాకరణంలో కృత్యప్రత్యయాలు అంటారు. ధాతువుకు కర్మ ఉంటే అవి ఆ కర్మనే చెబుతాయి, అందులోనే ‘తగును, వలెను, శక్యము’ అన్న అర్థమూ ఇమిడి ఉంటుంది. ‘కర్తవ్యం’ అంటే ‘మస్ట్ బి డన్’. ‘పూజనీయుడు’ అంటే ‘షుడ్ బి వర్షిప్డ్’. ‘అవిభాజ్యం’ అంటే ‘కెనాట్ బి డివైడెడ్’. ‘అనివార్యం’ అంటే ‘కెనాట్ బి ప్రివెంటెడ్’. ‘అజేయుడు’, ‘అనిర్వచనీయం’, ‘క్షంతవ్యుడు’ అన్నీ ఈ కుటుంబమే. అచ్చతెలుగులో ‘నమ్మదగిన’, ‘మెచ్చదగిన’, ‘చూడదగిన’ అనేవి ఇదే పని చేస్తాయి.

ఇంగ్లిష్‌కు కూడా ఇటువంటి ప్రత్యయం ఒకటి ఉంది. ‘వాషబుల్’ అంటే ఉతకవచ్చు, ‘పోర్టబుల్’ అంటే మోసుకుపోవచ్చు, ‘నాన్-రెఫండబుల్’ అంటే తిరిగి ఇవ్వరు. అయితే ప్రతి ‘-ఏబుల్’నూ ‘కెన్ బి’గా తీసుకోకండి. పన్ను నోటీసులో ‘ట్యాక్స్ పేయబుల్’ అని ఉంటే అది కట్టగలిగిన పన్ను కాదు, కట్టి తీరవలసిన పన్ను.

ప్రశ్న: మా ఆఫీసులో ఫైళ్ల మీద ‘ద ప్రపోజల్ మే కైండ్లీ బి అప్రూవ్డ్’, ‘ద అమౌంట్ మే బి రిలీజ్డ్’ అని రాయడం ఆచారం. ఈమధ్య ఒక విదేశీ సంస్థతో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపుతూ ‘ద పేమెంట్ మే బి రిలీజ్డ్ బై ఫ్రైడే’ అని రాశాను. డబ్బు పంపుతారనుకుంటే, ‘మీరు శుక్రవారానికి పంపవచ్చునని తెలిపినందుకు కృతజ్ఞతలు’ అని వాళ్ల జవాబు వచ్చింది! నా వాక్యంలో తప్పెక్కడ? – ఒక జూనియర్ అసిస్టెంట్, కరీంనగర్

జవాబు: మీకు జవాబు రాసినవారు తప్పు చదవలేదు, మీరూ తప్పు రాయలేదు. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు ఊళ్ల అలవాటుతో చూశారు. ‘మే’కు ఇంగ్లిష్‌లో బాగా వాడుకలో ఉన్న అర్థాలు రెండు: ఒకటి సంభావన, అంటే అలా జరగవచ్చు, జరగకపోవచ్చు అనడం, రెండోది అనుమతి. కార్యాలయాల్లో మనం వాడే ‘మే’ ఈ రెండూ కాదు. అది విన్నపం. ‘మంజూరు చేయగలరు’, ‘మంజూరు చేయవలసిందిగా ప్రార్థన’ అన్న మన అర్జీల ధోరణి ఆ ‘మే’లో ఉంది. భారతదేశపు ఆఫీసు ఇంగ్లిష్ ఎరిగినవారికి అది వెంటనే అర్థమవుతుంది. ఎరగనివారు ‘పంపినా పంపవచ్చు’ అని చదువుకుంటారు.

ఈ ప్రయోగంతో నా పరిచయం కొంచెం నగుబాటుగానే మొదలైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు చీటీ మీద ‘యు షుడ్ గ్రాంట్ మి టూ డేస్ లీవ్’ అని రాసి పెద్ద గుమస్తా చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, నన్ను ఒకసారి చూసి, ఎర్ర సిరాతో దానిని అడ్డంగా కొట్టి కింద ‘టూ డేస్ లీవ్ మే కైండ్లీ బి గ్రాంటెడ్’ అని రాసి ఇచ్చారు. ఒక్క మాట మాట్లాడలేదు. నేను పై అధికారిని కర్తగా నిలబెట్టి ‘మీరు ఇవ్వాలి’ అన్నాను. ఆయన ఆ అధికారిని వాక్యంలోంచి మర్యాదగా తప్పించి సెలవును కర్త చేశారు. మనం తెలుగులో ‘గారు’, ‘గలరు’ అని చూపించే అణకువను ఆ ఇంగ్లిష్ పాసివ్ చూపిస్తోందని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. ఫైలు మీద అది ఇంకో పని కూడా చేస్తుంది: ఎవరు ఆమోదించాలో, ఆమోదించకపోతే ఎవరిని అడగాలో కాగితం మీద పడదు. ఆ సౌకర్యం వల్లనే ఆ వాక్యానికి అంత ఆయుష్షు అని నా అనుమానం.

ఫైలు మీద మీ ఆచారం మార్చనక్కరలేదు. బయటివారికి రాసేటప్పుడు మాత్రం ‘ప్లీజ్ రిలీజ్ ద పేమెంట్ బై ఫ్రైడే’ అని సూటిగా రాయండి. ‘ప్లీజ్’ ఉంది కనుక అమర్యాద కాదు. పాసివ్ లేకుండా మనసు ఒప్పకపోతే ‘వి రిక్వెస్ట్ దట్ ద పేమెంట్ బి రిలీజ్డ్ బై ఫ్రైడే’ అనండి. ఇక్కడ ‘బి’ ముందు ఏ మోడలూ లేదని కంగారుపడి ‘ఈజ్’ చేయకండి. ‘రిక్వెస్ట్, రికమెండ్, ఇన్సిస్ట్’ వంటి క్రియల తరువాత ‘దట్’ వస్తే, కోరిన పనిని అలా మూలరూపంలోనే ఉంచడం నియమం. కావాలంటే అక్కడ ‘షుడ్ బి’ అనవచ్చు. ఇంకొక చిన్న సంగతి: ‘మేబీ’ అని కలిపి రాస్తే అది ‘బహుశా’ అనే వేరే మాట. పాసివ్‌లో ‘మే’, ‘బి’ విడిగానే ఉండాలి.

ప్రశ్న: గ్రూప్స్ పరీక్షకు చదువుతున్నాను. రాజ్యాంగం ఇంగ్లిష్ ప్రతిలో ఎక్కడ చూసినా ‘షల్ బి’ అని ఉంది. ‘షల్’ భవిష్యత్కాలం కదా, చట్టంలో భవిష్యత్తు ఎందుకు? ‘షల్ బి’ ఉన్న ప్రతి వాక్యమూ పాసివేనా? – ఒక అభ్యర్థి, వరంగల్

జవాబు: ‘షల్’ పాత ఇంగ్లిష్‌లో ‘బాకీ ఉండు, చేసి తీరాలి’ అనే అర్థం ఉన్న క్రియ. కాలాన్ని చెప్పే పని దానికి తరువాత వచ్చింది. చట్టంలో వాడేది ఆ పాత అర్థమే, అంటే మన ‘వలెను’, ‘రాదు’. కాబట్టి 20వ అధికరణలోని ‘నో పర్సన్ షల్ బి ప్రాసిక్యూటెడ్ అండ్ పనిష్డ్ ఫర్ ద సేమ్ అఫెన్స్ మోర్ దేన్ వన్స్’ అన్నదానిని ‘శిక్షించబడడు’ అని భవిష్యత్తుగా చదవకూడదు. ‘ఒకే నేరానికి ఏ వ్యక్తినీ ఒకసారికి మించి విచారించి శిక్షించరాదు’ అని నిషేధంగా చదవాలి. ఇందులో మనవాళ్లు పొరపడే చోటు ఇంకొకటి ఉంది. తెలుగులో వ్యతిరేకం క్రియలో ఉంటుంది: ‘ఏ వ్యక్తినీ శిక్షించరాదు’. ఇంగ్లిష్‌లో అది ముందే ‘నో పర్సన్’లో వచ్చేసింది. ఆ తరువాత ‘షల్ నాట్ బి’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

కర్త ఉండటానికీ లేకపోవడానికీ తేడా చూడాలంటే 14, 21 అధికరణలను పక్కపక్కన పెట్టండి. 14వది ‘ద స్టేట్ షల్ నాట్ డినై టు ఎనీ పర్సన్ ఈక్వాలిటీ బిఫోర్ ద లా’ అని మొదలవుతుంది. అక్కడ నిరాకరించకూడనిది ఎవరో స్పష్టంగా ఉంది: రాజ్యం. 21వది ‘నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్ ఆఫ్ హిజ్ లైఫ్ ఆర్ పర్సనల్ లిబర్టీ ఎక్సెప్ట్ అకార్డింగ్ టు ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా’ అంటుంది. ప్రాణాన్నో స్వేచ్ఛనో హరించేది ఎవరన్న మాట అందులో లేదు. వాక్యం మొదట నిలిచింది మనిషి. 22వ అధికరణ రెండో భాగంలో అరెస్టయిన వ్యక్తిని 24 గంటల్లో సమీప మేజిస్ట్రేటు ముందు ‘షల్ బి ప్రొడ్యూస్డ్’ అంటారు. హాజరుపరచవలసింది ఎవరో చెప్పనక్కరలేదు, అదుపులో ఉంచుకున్నవారే. మూడు చోట్లా ఒకే ‘షల్’ ఉన్నా, కర్తను చెప్పడం, విడిచిపెట్టడం, సందర్భానికి వదిలేయడం అనే మూడు పద్ధతులు కనిపిస్తాయి.

‘షల్ బి’ అంతా పాసివ్ కాదు. మొదటి అధికరణలోని ‘ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్’లో ‘బి’ తరువాత వి-త్రీ లేదు, నామవాచకం ఉంది. అది మామూలు ‘అగు’. ‘బి’ని చూసి ఆగిపోకుండా దాని తరువాతి మాటను కూడా చూడండి.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఒక రోజు ఉదయం డ్యూటీ అప్పగిస్తూ, రాత్రి పది గంటల మందు ఇచ్చే ఉంటారన్న ఉద్దేశంతో ‘ద టెన్ ఓక్లాక్ డోస్ షుడ్ హావ్ బీన్ గివెన్’ అన్నాను. అవతలి సిస్టర్ కంగారుపడి ‘ఇవ్వలేదా?’ అని అడిగారు. నేను చెప్పింది వేరు, ఆమె అర్థం చేసుకున్నది వేరు. ఏమని ఉండాల్సింది? – ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో నేను ఎక్కువసేపు ఆలోచించినది మీదే. మోడల్ తరువాత ‘హావ్ బీన్’, ఆ తరువాత వి-త్రీ వస్తే మాట గడిచిపోయిన దాని గురించి అని అర్థం. తెలుగులో దీనికి మనం ‘ఇచ్చి’ని, ‘ఉండు’ను కలుపుతాం. ‘మస్ట్ హావ్ బీన్ గివెన్’ అంటే ‘ఇచ్చే ఉంటారు’ లేదా ‘ఇచ్చి ఉండాలి’. చూడలేదు గాని ఆధారాలను బట్టి గట్టిగా ఊహిస్తున్నాం. ‘మే హావ్ బీన్ గివెన్’, ‘మైట్ హావ్ బీన్ గివెన్’ అంటే ‘ఇచ్చి ఉండవచ్చు’, ఊహ పలచబడింది. ‘కాంట్ హావ్ బీన్ గివెన్’ అంటే ‘ఇచ్చి ఉండే అవకాశమే లేదు’. ‘మస్ట్’ ఊహకు వ్యతిరేకం ‘మస్ట్ నాట్’ కాదు, ‘కాంట్’ అని గుర్తుపెట్టుకోవాలి. ‘నీడ్ నాట్ హావ్ బీన్ గివెన్’ అంటే ఇచ్చారు గాని, అవసరం లేకపోయింది.

‘షుడ్ హావ్ బీన్ గివెన్’ దగ్గర ప్రమాదం ఉంది. దానికి రెండు చదువులు ఉన్నాయి. ‘ఈపాటికి ఇచ్చి ఉండాలి’ అన్నది ఒకటి. మీ మనసులో ఉన్నది అదే. ‘ఇచ్చి ఉండాల్సింది, ఇవ్వలేదు’ అన్నది రెండోది. ఆ సిస్టర్‌కు వినిపించింది అది. తెలుగులో ఈ రెంటినీ ‘ఉండాలి’, ‘ఉండాల్సింది’ అనే చివరి రెండక్షరాలు వేరుచేస్తాయి. ‘ఉండాల్సింది’ అనగానే జరగలేదన్న నిష్ఠూరం వినబడుతుంది, ఇంకేమీ చెప్పనక్కరలేదు. ఇంగ్లిష్‌లో ఆ భారమంతా ఒక్క ‘షుడ్’ మోస్తోంది, దానిని విడదీయడానికి గొంతు తీరూ సందర్భమూ తప్ప ఆధారం లేదు. ‘ద పార్సిల్ షుడ్ హావ్ బీన్ డెలివర్డ్ బై నౌ’ అన్నప్పుడు కూడా ఇదే రెండర్థాల మాట, కాని పార్సిల్ విషయంలో పొరపాటు పడితే ప్రాణం మీదికి రాదు.

అందుచేత అక్కడ మీరు అనవలసింది ‘మస్ట్ హావ్ బీన్ గివెన్’ కూడా కాదు. అది వ్యాకరణం ప్రకారం మీ ఊహను సరిగ్గానే చెబుతుంది, కాని మందు విషయంలో ఊహ వినేవారికి పనికిరాదు. మీరు చూసింది మాత్రమే మోడల్ లేకుండా చెప్పండి: చార్టులో సంతకం ఉంటే ‘ఇట్ వజ్ గివెన్ ఎట్ టెన్’, లేకపోతే ‘దేర్ ఈజ్ నో ఎంట్రీ ఫర్ ద టెన్ ఓక్లాక్ డోస్’.

ప్రశ్న: హైస్కూలులో ఇంగ్లిష్ బోధిస్తాను. మోడల్ ఉన్న ప్రతి వాక్యాన్నీ పాసివ్‌లోకి మార్చవచ్చునని పిల్లలకు చెప్పవచ్చా? అలాగే మందుల అట్ట మీద ‘నాట్ టు బి సోల్డ్’ అని ఉంటుంది, అందులో మోడల్ ఏదని ఒక అబ్బాయి అడిగాడు. – ఒక ఉపాధ్యాయుడు, మదనపల్లె

జవాబు: చెప్పకండి. కర్మ లేని క్రియకు పాసివ్ లేదు కనుక ‘షి కెన్ స్విమ్’, ‘ఇట్ మే రెయిన్’ వంటివి మొదటే పక్కకు పోతాయి. మార్చగలిగినవాటిలోనూ అర్థం నిలవనివి కొన్ని ఉన్నాయి. ‘ద డాక్టర్ వోంట్ సీ హిమ్’ అంటే చాలా సందర్భాల్లో ‘డాక్టరు అతన్ని చూడనంటున్నాడు’ అని. ఆ ‘వోంట్’లో డాక్టరు మొండితనం ఉంది. దానిని ‘హి వోంట్ బి సీన్ బై ద డాక్టర్’ అని మారిస్తే ఆ మొండితనం పోయి, వట్టి జరగబోయే సంగతి మిగులుతుంది. ఒక్కోసారి రోగే చూపించుకోనంటున్నాడన్న అర్థం కూడా వస్తుంది. ‘విల్’కు ఇష్టం అన్న అర్థం ఉన్నంత వరకు ఆ ఇష్టం కర్తను అంటిపెట్టుకుని ఉంటుంది, కర్త మారితే దానికి యజమాని మారతాడు. పిల్లలు ‘రెండూ ఒకటే కదా సార్’ అంటే ఈ జంటను బోర్డు మీద రాసి చూపండి.

మీ అబ్బాయి అడిగినది మంచి ప్రశ్న. ఆ అట్ట మీద పూర్తిగా ఉండేది ‘నాట్ టు బి సోల్డ్ బై రిటైల్ వితౌట్ ద ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్’. అందులో ముందున్న ‘దిస్ డ్రగ్ ఈజ్’ అన్న ముక్కను చోటు చాలక వదిలేశారనుకోండి. ‘ఈజ్ టు బి సోల్డ్’, ‘ఆర్ టు బి ఆన్సర్డ్’ అన్నప్పుడు ‘ఈజ్ టు’, ‘ఆర్ టు’లు మోడల్ కాకపోయినా మోడల్ పనే చేస్తాయి: పైవారు నిర్ణయించారు, కిందివారు పాటించాలి అన్న అర్థం. తేడా ఒక్కటే, ఇవి కర్తను బట్టి ‘ఈజ్, ఆర్, వజ్, వర్’ అని మారతాయి, మోడల్ మారదు. తెలుగులో దానికి ‘అమ్మరాదు’ అంటే సరిపోతుంది. అతని చేత అదే అట్ట మీద ఇంకో వాక్యం చదివించండి: ‘కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్’. దుకాణదారుకు చెప్పినది పాసివ్‌లో ఉంటే, ఇంట్లోవాళ్లకు చెప్పినది నేరుగా ఆజ్ఞలో ఉంది.